నెత్తుటి చొక్కా, దావా కాయితం

1977 మే 5వ తేదీ అర్ధరాత్రి దాటాక, తెల్లవారుజామున మూడున్నర ప్రాంతంలో, కోవెలకుంట్ల సబ్ జైలు ఆవరణలోకి కొందరు చొరబడి ఏడో నంబరు గదిలోకి బాంబులు విసిరారు. అవుకు పోలీసు స్టేషన్ కేసులో రిమాండు మీద ఏప్రిల్ 26 నుంచి ఆ గదిలో ఉన్న తండ్రీ కొడుకుల్లో తండ్రి చల్లా చిన్నప్పరెడ్డి చనిపోయాడు. కొడుకు చల్లా రామకృష్ణారెడ్డి గాయాలతో బతికాడు.

సీమలో ఇట్లాంటి చావు తర్వాత కథ ఎట్లా నడుస్తుందో మనకెవరూ చెప్పనక్కర్లేదు. 'సమరసింహారెడ్డి' (1999), 'నరసింహనాయుడు' (2001), 'ఇంద్ర' (2002) మొదలు తెలుగు సినిమా దాన్ని కంఠస్థం చేయించింది. శవం ఇంటికొస్తుంది. ఆడవాళ్లు గుండెలు బాదుకుంటారు. ఒక తల్లి నెత్తురంటిన చొక్కా దాచిపెడుతుంది. కొడుకు పెరిగి పెద్దవాడై ఆ చొక్కా బాకీ తీరుస్తాడు. ఈ కథనంలో కోర్టు అంటే ముద్దాయిని దించేటప్పుడు బాంబు వేయడానికి వీలైన ఒక గేటు మాత్రమే. ఆ గేటు లోపల ఏం జరుగుతుందో ఏ కెమెరా చూడలేదు.

కోవెలకుంట్ల కథ మాత్రం ఆ గేటు లోపలికి వెళ్లింది. బతికిన కొడుకు, ఆయన సోదరులు నలుగురు, తల్లి కలిసి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మీద పది లక్షల రూపాయలకు నష్టపరిహారం దావా వేశారు. బాంబు వేసినవాళ్ల మీద కాదు, కాపాడాల్సి ఉండీ కాపాడనివాళ్ల మీద. లా చదివే పిల్లలందరికీ తెలిసిన కేసు ఇది. సాహిత్యం చదివేవాళ్లకు తెలియదు. కోవెలకుంట్ల అనగానే మనకు 1847లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని ఉరి తీసిన చోటు గుర్తొస్తుంది. ఆయన మీద పాటలున్నాయి, 2019లో కోట్ల ఖర్చుతో సినిమా వచ్చింది. అదే ఊరి సబ్ జైలు దావా మీద పాట సంగతి అటుంచి, ఒక చిన్న కథ కూడా నాకు కనపడలేదు. పగ కథ అవుతుంది, దావా ఎందుకు కథ కాలేదు? నన్ను చాలాకాలంగా వెంటాడుతున్న ప్రశ్న ఇది. దీనికి జవాబు చొక్కా దాచిన స్త్రీకీ దావా కాయితం మీద సంతకం చేసిన స్త్రీకీ మధ్య ఉన్న తేడాలో ఉందని నా అనుమానం.

తీర్పును కూడా ఒక కథనంగా, అంటే ఒకరు చెప్పే, ఒకరిని చెప్పనివ్వని కథనంగా చదవవచ్చు. సుప్రీంకోర్టు తీర్పు ఆ రాత్రి సంగతి చెప్పి వాదుల దగ్గరికొస్తుంది. మొదట కొడుకు, తర్వాత ఆయన సోదరులు, ఆ తర్వాత ఆయన తల్లి. చనిపోయినవాడి భార్యగా కాదు, బతికినవాడి తల్లిగా. భర్త చావు గురించిన దావాలో కూడా ఆమె కొడుకు గుండానే కథలోకి రావాల్సి వచ్చింది. కేసు కూడా కొడుకు పేరుతోనే లా రిపోర్టుల్లో నిలిచింది. ఆమె ఏం పోగొట్టుకుందో కథనం అడగదు. దానికి అడగాల్సిన అవసరమూ లేదు, ఎందుకంటే ప్రభుత్వం లేవనెత్తిన ప్రశ్నలు వేరు. ఒకటి, గడువు దాటిపోయిందని. రెండు, జైళ్ల నిర్వహణ సార్వభౌమాధికార విధి కాబట్టి దాంట్లో ఎంత నిర్లక్ష్యం జరిగినా ప్రభుత్వం పరిహారం కట్టనక్కర్లేదని. ఈ రెండో వాదానికి దన్నుగా 1964 నాటి కస్తూరిలాల్ తీర్పు ఉండనే ఉంది.

కింది కోర్టు దావా కొట్టేసింది. హైకోర్టులో జస్టిస్ జీవన్‌రెడ్డి ఆ గోడను పగలగొట్టారు. జీవించే హక్కు రాజ్యాంగం ఇచ్చింది, చట్టం చెప్పిన పద్ధతిలో తప్ప దాన్ని తీసేయడానికి లేదు, అలాంటి హక్కును హరించినప్పుడు పాత రాజుల కాలపు మినహాయింపు అడ్డం రాదు అన్నారు. రూ. 1,44,000, దావా వేసిన నాటినుంచి ఆరు శాతం వడ్డీతో. ప్రభుత్వం సుప్రీంకోర్టుకు పోయింది. 2000 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కూడా అదే నిలబెట్టింది. ఖైదీ అయినంత మాత్రాన మనిషి మనిషి కాకుండా పోడని తేల్చింది. చావుకీ చివరి తీర్పుకీ మధ్య దాదాపు 23 ఏళ్లు. సినిమాలో అయితే ఈపాటికి కొడుకు పెరిగి రెండు తరాల బాకీ తీర్చేసేవాడు.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. ఆ కుటుంబం దిక్కులేని కుటుంబం కాదు. మొదటి వాది తర్వాతి కాలంలో శాసనసభ్యుడయ్యాడు. 23 ఏళ్లు కోర్టుల చుట్టూ తిరగడానికి భూమి, బలగం, లాయరు ఫీజు కావాలి. అవి లేనివాళ్లకు ఏం జరుగుతుందో ఆ మరుసటి ఏడాదే హైదరాబాద్‌లో చూశాం. 1978 మార్చిలో నల్లకుంట పోలీస్ స్టేషన్లో రమీజాబీ మీద అత్యాచారం జరిగింది, ప్రశ్నించిన భర్త అహ్మద్ హుస్సేన్ దెబ్బలకు చనిపోయాడు. అతను రిక్షా తొక్కేవాడు. ఆ ఘటనను మన ఉద్యమం అత్యాచారం కేసుగా గుర్తుపెట్టుకుంది, అది సరైనదే. కానీ అది ఒక భర్త చావు కేసు కూడా. ఆ కోణంలో చూస్తే పోలీసుల తరఫు వాదన మొత్తం ఒక్కచోటికే గురిపెట్టింది. ఆమె అతని భార్యే కాదు అనడం. ఆమె పాత పెళ్లిళ్లు తవ్వారు, ఆమె నడవడిని తవ్వారు, వేశ్య అన్నారు. ముక్తదర్ కమిషన్ పోలీసులను తప్పుపట్టినా, రాయచూరుకు బదిలీ అయిన విచారణలో 1981లో వాళ్లు నిర్దోషులుగా బయటపడ్డారు. కోవెలకుంట్లలో భార్య కొడుకుల వెనక కనపడకుండా పోయింది. నల్లకుంటలో భార్య అనే పేరే లాక్కున్నారు. వితంతువు అన్నది మనం అనుకున్నట్టు దుఃఖం పేరు కాదు, అర్హత పేరు. అది కొందరికి దొరుకుతుంది, కొందరికి దొరకదు.

మరి మన సాహిత్యంలో అడిగిన స్త్రీ అసలే లేదా? ఉంది. తిక్కన తెలుగు చేసిన స్త్రీపర్వంలో గాంధారి ఉంది. ఆమెను శపించిన స్త్రీగానే గుర్తుపెట్టుకున్నాం. శాపానికి ముందు ఆమె ఏమంటుందో జాగ్రత్తగా చదివితే అది శోకం కాదు, అభియోగం. నా పిల్లల్ని నువ్వు చంపావని కృష్ణుడితో అనదు. ఆపగల శక్తి నీకుంది, సైన్యం ఉంది, రెండు పక్షాలూ నీ మాట వింటాయి, అయినా వాళ్లు నశిస్తుంటే ఉపేక్షించావు, అంటుంది. ఉపేక్ష! కోవెలకుంట్ల దావాలో ప్రభుత్వం మీద వేసిన నింద కూడా ఇదే. బాధ్యత ఉండడం, ఆపగలిగి ఉండడం, ఆపకపోవడం, దానివల్ల ప్రాణం పోవడం. ఈనాటి నిర్లక్ష్యం చట్టం ఈ నాలుగింటి మీదే నడుస్తుంది. దానికి కృష్ణుడిచ్చిన జవాబు ఇంకా ఆసక్తికరం. లే, శోకించకు, కురువంశం నీ తప్పువల్లే పోయింది అంటాడు. బీమా కంపెనీ లాయరు కౌంటర్‌లో రాసే మొదటి వాక్యం కూడా ఇట్లాగే ఉంటుంది. తప్పు మృతుడిదే, హెల్మెట్ లేదు, రాంగ్ సైడులో వచ్చాడు. గాంధారికి ట్రిబ్యునల్ లేదు కాబట్టి శపించింది. అలంకారశాస్త్రం ఆ ఘట్టాన్ని కరుణరసం కింద జమకట్టింది, మనం కూడా పాఠాల్లో అట్లాగే చెప్తున్నాం. రసం కింద జమకట్టిన క్షణమే ఆ అభియోగం అభియోగం కాకుండా పోయింది. అడిగినదాన్ని ఏడ్చినదానిగా మార్చడం మన విమర్శ చాలా కాలంగా చేస్తున్న పని.

కేతు విశ్వనాథరెడ్డి, సింగమనేని నారాయణల తరం నుంచి సీమ కథ కరువును రాసింది, కక్షలను రాసింది, కక్షల వెనకున్న భూమినీ కాంట్రాక్టులనూ రాసింది. ఆ కథల మీద నాకు గౌరవం ఉంది. అయితే నేను చదివినంతలో ఆ కథల్లో భర్త పోయిన స్త్రీ ముగ్గుల్లేని వాకిలి దగ్గర ఆగిపోతుంది. సినిమా కొంత ముందుకొచ్చినట్టు కనిపించింది 'అరవింద సమేత వీర రాఘవ' (2018)లో. చంపుకోవడం గురించి ఆడవాళ్ల మాట వినాలని అది పైకి చెప్పింది, చివర ప్రతినాయకుడి భార్యను రాజకీయాల్లోకి తెచ్చింది. బాగుంది. కానీ ఆమెకు పదవి దొరికింది గాని, నా భర్త చావుకు ఎవరు బాధ్యులు అని అడిగే చోటు దొరకలేదు. పైగా ఆ చోటు ఇచ్చినవాడు కథానాయకుడే.

అడిగే చోటు తనే చేసుకున్న స్త్రీ ఒకరు ఒడిశాలో ఉన్నారు. నీలాబతి బెహరా కొడుకు సుమన్‌ను 1987 డిసెంబరు 1న పోలీసులు తీసుకుపోయారు. మర్నాడు రైలు పట్టాల దగ్గర శవం దొరికింది. అతనికి 22 ఏళ్లు. ఆమె 1988 సెప్టెంబరులో సుప్రీంకోర్టుకు ఉత్తరం రాసింది. కోర్టు ఆ ఉత్తరాన్నే రిట్ పిటిషన్‌గా తీసుకుని 1993లో లక్షా యాభై వేల పరిహారం ఇప్పించింది. కస్టడీ చావులకు సివిల్ దావా దాకా పోకుండా నేరుగా రాజ్యాంగ న్యాయస్థానం నుంచే పరిహారం అడగవచ్చని ఆ తీర్పుతో స్థిరపడింది. ఉత్తరం ఆడవాళ్ల సాహిత్య ప్రక్రియ అని మనం ఎన్నో సెమినార్లలో చెప్పుకున్నాం. ఆ ప్రక్రియ ఫలితం ఇంత స్పష్టంగా ఇంకెక్కడ చూస్తాం? కేసు పేరులో మొదటి పేరు కూడా ఆమెదే.

ఇప్పటిదాకా చనిపోయింది మగవాడు. చనిపోయింది ఆడది అయితే అడిగేది ఎవరు, ఏమని అడుగుతారు? ఇక్కడ చట్టం భాష దగ్గరికి రావాలి. 1855లో వలస ప్రభుత్వం చేసిన ఫేటల్ యాక్సిడెంట్స్ చట్టం ఇప్పటికీ ఉంది. ఎవరి నిర్లక్ష్యం వల్లనైనా మనిషి చనిపోతే భార్య, భర్త, తల్లిదండ్రులు, పిల్లల కోసం దావా వేయవచ్చంటుంది. గడువు రెండేళ్లు. అన్నదమ్ములూ అక్కచెల్లెళ్లూ ఆ జాబితాలో లేరు. చట్టం లెక్కగట్టేది ప్రధానంగా మృతుడి సంపాదనలో కుటుంబానికి అందేది ఎంత అని. ఆ లెక్కలోకి ఇంటిపని చేసే స్త్రీ ఎట్లా వస్తుంది? 1994లో మోటారు వాహనాల చట్టానికి చేర్చిన రెండో షెడ్యూలు, సంపాదన లేని భార్య విలువ భర్త సంపాదనలో మూడో వంతు అని రాసింది. అంటే కలెక్టరు భార్య వండిన అన్నానికీ అటెండరు భార్య వండిన అన్నానికీ ధర వేరు. జంషెడ్‌పూర్‌లో 1989 మార్చి 3న జరిగిన అగ్నిప్రమాదం కేసులో, పిల్లల్నీ తల్లిదండ్రుల్నీ పోగొట్టుకున్న లతా వాధ్వా వేసిన పిటిషన్‌పై 2001లో సుప్రీంకోర్టు గృహిణి సేవల విలువ నెలకు మూడు వేలు అంది. 62 దాటినవాళ్లకు ఏడాదికి 20 వేలు. వయసు పెరిగితే గిన్నెలు తోమడం చవకవుతుంది కాబోలు. 2010లో అరుణ్‌కుమార్ అగ్రవాల్ కేసులో జస్టిస్ గంగూలీ, జనాభా లెక్కలు గృహిణులను బిచ్చగాళ్లతో, ఖైదీలతో ఒకే గాటన కట్టడాన్ని ఎత్తిచూపారు. 2021 జనవరిలో కీర్తి కేసులో జస్టిస్ ఎన్.వి. రమణ ఇంకా ముందుకు వెళ్లారు. 2011 జనాభా లెక్కల్లో ఇంటిపనే ప్రధాన వృత్తిగా చెప్పుకున్న ఆడవాళ్లు దాదాపు 16 కోట్లు, మగవాళ్లు 58 లక్షలు. ఇంటిపని మీద ఆడవాళ్లు రోజుకు సగటున 299 నిమిషాలు వెచ్చిస్తే మగవాళ్లు 97. వేతనం లేని శ్రమ గురించి మనం పత్రికల్లో రాసిందంతా తీర్పు వాక్యమైంది. అయితే ఆ గుర్తింపు ఆమె చనిపోయాక వస్తోంది, పరిహారం భర్త చేతికి వస్తోంది. బతికున్నప్పుడు ఏ ఖాతాలోనూ లేని శ్రమకు చావు ధ్రువపత్రంతో ధర పలికింది.

అంతకన్నా ఇబ్బందిపెట్టే మాట ఇంకొకటి, 'కన్సార్షియం'. భార్య గాయపడితే భర్త కోల్పోయే సేవ, సాహచర్యం, సుఖం అని ఇంగ్లిష్ కామన్ లా అర్థం. అది మొదట భర్త హక్కే. సేవకుడు గాయపడితే యజమాని నష్టం అడిగినట్టు, భార్య గాయపడితే భర్త అడిగేవాడు. భార్యకూ ఆ హక్కు ఉందా అని అడిగితే ఇంగ్లండ్ ప్రభువుల సభ 1952లో లేదు పొమ్మంది. మన దగ్గర సుప్రీంకోర్టు 2017లో ప్రణయ్ సేఠి కేసులో ఈ పద్దుకు రూ. 40,000 ఖరారు చేసి, మూడేళ్లకోసారి పది శాతం పెంచమంది. 2018లో మాగ్మా కేసులో తల్లిదండ్రులను పోగొట్టుకున్న పిల్లలకూ, పిల్లలను పోగొట్టుకున్న తల్లిదండ్రులకూ దాన్ని విస్తరించింది. యజమాని హక్కుగా పుట్టిన మాట తల్లి దుఃఖందాకా వచ్చింది, ఇది చిన్న ప్రయాణం కాదు. కానీ తెలుగులో దీన్ని ఏమందాం? కొందరు దాంపత్య సుఖం అంటున్నారు. ఆ మాట విన్న వితంతువు తల దించుకుంటుంది. మా ఊళ్లో ఆడవాళ్లు 'తోడు' అంటారు. తోడు పోయింది. ఆ మాట తీర్పుల అనువాదంలోకి ఎందుకు రాలేదో నాకు అర్థం కాదు.

మాది డోన్. రైల్వే జంక్షన్. ఒకవైపు బేతంచెర్ల నాపరాళ్ల గనులు, ఇంకోవైపు పత్తికొండ, ఆ పక్క నుంచి సుగ్గికి గుంటూరు మిరప చేలకు పోయే కుటుంబాలు, మధ్యలో నలభై నాలుగో నంబరు హైవే. ఇక్కడ అర్ధాంతరపు చావులు కక్షల వల్ల వచ్చేవాటికన్నా బండల కింద, బండి చక్రాల కింద, పట్టాల మీద వచ్చేవే ఎక్కువ. సీమ అంటే ఫ్యాక్షన్ అన్న ముద్ర చేసిన చెరుపుల్లో ఇదొకటి. కత్తితో పోయిన ప్రాణానికే కథ ఉంటుంది, బండ జారి పోయిన ప్రాణానికి ఉండదు.

కొడుకును గనిలో పోగొట్టుకున్న పెద్దమ్మ ఒకామెతో పరిహారం మాట ఎత్తాను.

"దుడ్లు తీసుకుంటే వాణ్ణి అమ్ముకున్నట్ల గాదా పాపా? ఊళ్లో ఏమనుకుంటారు?"

"ఓనరు ఏమన్నా ఇచ్చినాడా పెద్దమ్మా?"

"దినాలకని కొంచెం ఇచ్చిపాయ. కాయితం మీద యేలిముద్ర ఏయించుకున్యాడు."

ఈ రెండు మాటలూ కలిపి చదవాలి. అడిగి తీసుకుంటే అమ్ముకోవడం, అడగకుండా ఇస్తే దయ. ఆ దయకు వేలిముద్ర కావాలి. నిజానికి 1923 నాటి కార్మిక పరిహార చట్టం ప్రకారం కార్మికుడు చనిపోతే పరిహారాన్ని యజమాని కమిషనర్ దగ్గర జమ చేయాలి. మూడు నెలల జీతానికి మించకుండా ఇచ్చే అడ్వాన్సు తప్ప, ఇంటికొచ్చి నేరుగా చేతిలో పెట్టింది పరిహారం చెల్లించినట్టే కాదు. 2025 నవంబరు 21 నుంచి దాని స్థానంలోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్ కూడా అధికారి దగ్గర జమ చేయాలనే అంటుంది. అంటే ఆ వేలిముద్రతో ఆమె హక్కు పోదు. కానీ పోయిందనే ఆమె నమ్మింది, ఆ నమ్మకమే గని యజమానికి చాలు. కక్షల్లో 'రాజీ' కూడా ఇట్లాంటిదే. రెండు పక్షాల మగవాళ్లు కూర్చుని మాట్లాడుకుంటారు, సాక్షులు మాట మారుస్తారు, ఆమె భర్త చావు ఒక లెక్కకు ఎదురు లెక్కగా చెల్లిపోతుంది. ఆ లెక్క తేల్చే చోట ఆమెను కూర్చోబెట్టరు.

గడువుల సంగతి చూడండి. రోడ్డు ప్రమాదంలో చనిపోతే ట్రిబ్యునల్‌కు ఆర్నెల్లలో వెళ్లాలని 1988 చట్టం అంది, 1994లో ఆ గడువు తీసేశారు, 2019 సవరణతో మళ్లీ పెట్టారు, అది 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఆ నిబంధన చెల్లుబాటు తేలేదాకా ఆలస్యమైందన్న కారణంతో అర్జీలు కొట్టేయొద్దని సుప్రీంకోర్టు 2025 నవంబరులో మధ్యంతర ఆదేశం ఇచ్చింది. రైలు నుంచి పడి చనిపోతే రైల్వే క్లెయిమ్స్ ట్రిబ్యునల్‌కు ఏడాది. పరిహారం 2017 నుంచి ఎనిమిది లక్షలు. శవం దగ్గర టికెట్ దొరకనంత మాత్రాన ప్రయాణికుడు కాదని తేల్చేయకూడదని 2018లో రీనాదేవి కేసులో తేలింది. ఆస్పత్రి నిర్లక్ష్యానికి వినియోగదారుల కమిషన్‌కు రెండేళ్లు. హత్యల్లో, అత్యాచారాల్లో జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ద్వారా బాధితుల పరిహార పథకం ఉంది, దోషి దొరక్కపోయినా వర్తిస్తుంది. ఇవన్నీ క్యాలెండరు మీద నడిచే గడువులు. భర్త పోయిన స్త్రీకి మన ఊళ్లలో ఉన్న క్యాలెండరు వేరు. మూల కూర్చోబెడతారు. నెలల తరబడి గడప దాటనివ్వరు, ఎదురు రావద్దంటారు. ఎఫ్ఐఆర్ నకలు తెచ్చుకోవడానికి స్టేషన్‌కు పోవాల్సింది ఆమె, పోయేది మరిది. ఏం రాయించాడో ఆమెకు తెలియదు. మూల లోంచి బయటికొచ్చేసరికి ఆర్నెల్లు అయిపోయి ఉంటాయి. ఈ రెండు క్యాలెండర్ల గొడవను ఏ శాసనసభా చర్చించినట్టు నేను చదవలేదు. దీన్ని వైధవ్యం మీద మనం రాసిన పాత చర్చల కొనసాగింపుగా చూడాలి, ఆచారాల దురన్యాయం గురించి మాట్లాడేటప్పుడు అవి తినేసే గడువుల గురించి కూడా మాట్లాడాలి.

సుగ్గికి పోయే ఆడవాళ్ల సంగతి ఇంకో రకం. వాళ్లు బస్సుల్లో పోరు, మూటలతోపాటు లారీల్లో, ట్రాలీ ఆటోల్లో పోతారు. సరుకు బండిలో ఊరికే ఎక్కిన మనిషికి బీమా కంపెనీ బాధ్యత లేదని ఆశారాణి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. చట్టం దృష్టిలో ఆమె ఉచిత ప్రయాణికురాలు. తన శ్రమను తీసుకుపోతున్న బండిలో ఆమె ఉచితంగా ఎక్కిందట! కొన్ని కేసుల్లో కోర్టులు బీమా కంపెనీని ముందు కట్టమని, తర్వాత ఓనరు దగ్గర రాబట్టుకోమని అంటున్నాయి. అది కోర్టు దయను బట్టి ఉంది.

చనిపోయినది పెళ్లయిన ఏడేళ్లలోపు అత్తింట్లో అయితే అడిగే హక్కు పుట్టింటికి మారుతుంది. అసహజ మరణమైతే ఆమెకిచ్చిన కట్నం ఆమె పిల్లలకు, పిల్లలు లేకపోతే తల్లిదండ్రులకు తిరిగి చెందాలని 1986లో వరకట్న నిషేధ చట్టానికి చేర్చారు. కూతురు బతికుండగా ఇంటికి వచ్చేయమని అనలేని తండ్రి, చనిపోయాక కట్నం కోసం దావా వేయగలడు. ఈ నిబంధనను నేను సమర్థిస్తాను. అయినా చదివినప్పుడల్లా గొంతులో ఏదో అడ్డం పడుతుంది.

డబ్బు వచ్చాక ఏమవుతుంది? భర్త పోయినందుకు పరిహారం తీసుకున్న స్త్రీ మళ్లీ పెళ్లి చేసుకుంటే ఆ పరిహారం ఇవ్వనక్కర్లేదని బీమా కంపెనీలు వాదించాయి. పరిహారం కోసం ఆమె జీవితాంతం వితంతువుగా ఉండాలా అని 2023లో బొంబాయి హైకోర్టు అడిగింది. ఇక చదువురాని స్త్రీకి వచ్చిన వాటాను బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయాలని సుసమ్మా థామస్ కేసులో మార్గదర్శకాలు ఇచ్చారు. డబ్బు తీయాలంటే ట్రిబ్యునల్ అనుమతి కావాలి. దీని మీద నాకు రెండు మనసులు. ఒకవైపు ఇది జడ్జిని ఆమె సంరక్షకుడిని చేస్తుంది, తన డబ్బు కోసం తాను అర్జీ పెట్టుకోవాలి. ఇంకోవైపు మరిదో, అన్నో, అప్పులవాడో ఆమెచేత సంతకం పెట్టించుకుని డబ్బు తీసుకుపోకుండా ఆపింది కూడా ఇదే. యాంత్రికంగా డిపాజిట్ చేయించవద్దని 2012లో ఎ.వి. పద్మ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, కానీ ఆచరణలో అలవాటు ఇంకా పోలేదు.

ఆ అనుమతి అర్జీలు ఒక పేజీకి మించవు. అసలు పిటిషన్లో ఆమె 'మొదటి పిటిషనర్, మృతుని భార్య'. వయసు, తండ్రి పేరు, ఆధారపడినవారు అన్న మాట తప్ప అందులో ఆమె గురించి ఏమీ ఉండదు. ఈ చిన్న అర్జీలో మాత్రం డబ్బు ఎందుకు కావాలో చెప్పాలి. పెద్దపాప నర్సింగులో చేరుతోంది. ఇంటి పైకప్పు రేకులు ఎగిరిపోయినాయి. రెండు గేదెలు కొనుక్కుంటాను. కుట్టుమిషను. అత్తకు కంటి ఆపరేషన్. కింద సంతకం, లేదా ఎడమచేతి బొటనవేలి గుర్తు. భర్త పోయిన తర్వాత ఆమె తన బతుకు గురించి తన తరఫున రాయించుకున్న మొదటి వాక్యాలు అవి. కేసు ముగిసినాక అవి కూడా కట్టలో చేరి రికార్డు గదిలోకి పోతాయి.